నూనె తగలని తల

1998 అక్టోబరు 4, ఆదివారం, బందరు

ఇస్త్రీ పెట్టెతో జుట్టు సాపవుతుందని చెప్పిన లలిత నోట్లో మన్ను పడ. చెవి పక్కన పాయంతా కాలిపోయింది. గదిలో కోడిని కాల్చిన కంపు. బల్ల మీద నా జుట్టు పరిచి, పైన పాత పేపరు వేసి, వాళ్ళ నాన్నగారి పంచె ఇస్త్రీ చేసినట్టు రుద్దింది. పొగ వచ్చాక, "కొంచెం వేడెక్కువైందేమోనే మల్లీ" అంది తీరిగ్గా. కొంచెమట. ఇద్దరం కలిసి అద్దె కడుతున్నాం కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే ఆ పెట్టె దాని నెత్తిన పెట్టేదాన్ని.

రాలిన వెంట్రుకలు ఏరి చూశాను. కాలాయి గానీ వంకర పోలేదు. చచ్చినా సాగం అని మొండికేసి అట్లాగే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. నా బుద్ధే వాటికీ వచ్చింది.

ఇక వేడి జోలికి పోను. అత్త చెప్పినట్టే చేస్తాను.

అక్టోబరు 5

రాస్తే కోపం తగ్గుతుందని రాస్తున్నాను.

దసరాకి గుడివాడ వెళ్ళింది శీను బావ కోసం కాదు. రాజమ్మత్త రమ్మంది కాబట్టి వెళ్ళాను. మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. చేపల మార్కెట్టులో ఆమె ధర చెప్పాక ఎదురు మాట్లాడే మగాడు లేడు. భోజనాల దగ్గర అందరి ముందూ నా జుట్టు ఒక పాయ పట్టుకుని లాగి వదిలింది. అది మళ్ళీ ముడుచుకుని నెత్తికి చేరింది.

"మా అమ్మది జారే జుట్టు. మా కొండయ్యన్నదీ అంతే. మీ అమ్మ అంకమ్మదీ అంతే. నీకెక్కణ్ణుంచి వచ్చిందే ఈ తుమ్మకంప?" అంది.

చిన్నప్పటి నుంచీ ఎవరడిగినా చెప్పే మాటే చెప్పాను. అమ్మ చెప్పిన మాట. "ఉప్పెన రాత్రంతా ఉప్పునీళ్ళలో నానాను కదత్తా. అంతకుముందు సాపుగానే ఉండేదట. ఆ ఉప్పుకి ముడుచుకుపోయింది."

ఈ మాటకి దివిసీమలో ఎవరూ నవ్వరు. ఉప్పెన ఏం చెయ్యలేదని అడిగేవాడు మా పల్లెలో లేడు. అత్త కూడా నవ్వలేదు. అన్నం కలుపుతూ తాపీగా, "అయితే ఉప్పు వదలగొట్టు. నూనె పట్టించి, తడి మీద బిగించి కట్టుకో. కార్తీక మాసం వెళ్ళేలోపు నాకు చూపించు. ఉప్పు పట్టిన జుట్టయితే సాగుతుంది. పుట్టు వంకరైతే సాగదు. సాగిందా, నువ్వు మా అన్న కూతురివి, మా శీనుగాడికి నిన్ను కాక ఇంకెవర్ని చేస్తాను? సాగలేదా, ఆ ఉప్పెన తర్వాత పెట్టిన క్యాంపులో ఎవరి పిల్లని ఎవరు ఎత్తుకెళ్ళారో ఆ గంగమ్మకే తెలియాలి" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బావ తలకాయ విస్తట్లో పెట్టుకుని పులుసు జుర్రుతున్నాడు. బేరాల దగ్గర మాత్రం ఊరంతా వినపడే నోరు.

నేను ఎవరి కూతుర్నో నా జుట్టు చెప్పాలట. చెప్తుంది. చెప్పిస్తాను.

అక్టోబరు 7

ఒక్కటే చిక్కు. మా ఇంట్లో తలకి నూనె రాయరు.

ఎందుకని అడిగితే అమ్మ జవాబు చెప్పదు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు పక్కింటి బాలస్వామి మావయ్య పెళ్ళాం జాలిపడి, తలకి చెంబెడు నూనె అంటి రెండు జడలు వేసింది. అమ్మ చేపల గంప దించీ దించగానే చూసింది. నన్ను నూతి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, బూడిదా సబ్బూ కలిపి, మాడు మండిపోయేదాకా తోమింది. కొట్టలేదు, తిట్టలేదు. తోముతూ ఏడ్చింది. తర్వాత చాలా రోజులు నా జుట్టు గుప్పిట్లో పట్టుకునే పడుకునేది. నాన్న పోయాక పట్టిన మొక్కేదో అనుకున్నాను.

అమ్మకి తెలియక్కర్లేదు. ఇక్కడ బందరులో నా తల నా ఇష్టం.

అక్టోబరు 8

లలిత వారపత్రికలో శీర్షిక చూసి పద్ధతి పట్టుకొచ్చింది. కొబ్బరి పాలల్లో నిమ్మకాయ పిండి రాత్రంతా ఉంచితే పైన మీగడలా పేరుకుంటుంది. అది కుదుళ్ళకి పట్టించి, తడి తువ్వాలు చుట్టి కూర్చోవాలి. కడిగాక తడి ఆరకముందే కొబ్బరినూనె రాసి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తియ్యాలి. పై నుంచి దువ్వితే తెగుతుందట. ఆ తర్వాత జుట్టంతా తల చుట్టూ ఒకే వైపు తిప్పి, పాత నూలు చీర ముక్కతో బిగించి కట్టాలి. పొద్దున విప్పి, రెండో వైపు తిప్పి మళ్ళీ కట్టాలి. దానంతటది ఆరాల్సిందే. ఎండ కూడా పనికిరాదు.

తలపాగాతో నన్ను చూసి ఇంటావిడ, "ఎక్కడికే పోతురాజు వేషం" అంది. ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

అక్టోబరు 11

ఏం లేదు. మళ్ళీ ముడుచుకుంది. బందరు గాలిలో నిలబడితే అప్పడం కూడా మెత్తబడుతుంది, ఇంక జుట్టెంత.

అక్టోబరు 14

సాగింది.

కట్టు విప్పాను. చెవుల కింద దాకా జారింది. అద్దం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నేను అమ్మ కూతుర్నే. నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు.

అక్టోబరు 15

"ఆముదం ఎందుకు రాశావే, గదంతా జిడ్డు వాసన" అంటుంది లలిత. నేను ఆముదం కొననేలేదు. కొబ్బరినూనె సీసా చూపించాను. అది నా తల వాసన చూసింది, సీసా వాసన చూసింది, వెళ్ళి కిటికీ తెరిచింది.

వాసన నాకూ వస్తోంది. కొబ్బరినూనె పాతదేమో.

అక్టోబరు 19

దీపావళి. ఇంటికి వెళ్ళలేదు. ప్లీడరుగారి ఆఫీసులో పనుందని ఊళ్ళో కొట్టుకి ఫోను చేసి చెప్పాను. కొట్టువాడు అమ్మని పిలిచాడు. అమ్మ "తల జాగర్త" అంది. ఒళ్ళు జాగర్త అనబోయి అట్లా అందేమో.

అక్టోబరు 24

జుట్టు ఆరట్లేదు. రెండు రోజులై తలకి నీళ్ళు తగల్లేదు, అయినా చివర్ల నుంచి కారుతోంది. ఈ రోజు టైపు కొడుతుంటే ఒక చుక్క దావా కాగితం మీద పడింది. ప్లీడరు పురుషోత్తంగారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "అమ్మాయ్, తల ఆరబెట్టుకుని రావాలి గానీ, ఇది కోర్టు కాగితం" అన్నారు. మళ్ళీ కొట్టాను.

పాడైన కాగితం ఇంటికి తెచ్చాను. ఆరిన చోట తెల్లటి గీత మిగిలింది. వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

అత్త అన్నది అక్షరాలా నిజం. ఉప్పు వదులుతోంది. ఇరవయ్యేళ్ళుగా నా తలలో దాక్కున్న ఉప్పు. ఇంతకంటే రుజువు ఏం కావాలి ఎవరికైనా?

అక్టోబరు 27

పిన్నులు నిలవట్లేదు. రబ్బరు బ్యాండు జారిపోతుంది. రిబ్బను ముడేస్తే ముడి ముడిగానే కింద పడుతుంది. ఒకప్పుడు నా జుట్టులో దువ్వెన పెడితే దువ్వెన విరిగేది.

ఈ పూట గ్లాసు చేతిలోంచి జారింది. నిన్న తాళం చెవి. బస్సులో కడ్డీ పట్టుకుంటే అరచెయ్యి జారింది. చేతులకి నూనె అంటుకుని ఉంటుంది. సబ్బుతో కడిగాను.

అక్టోబరు 30

ఉప్పెన గుర్తొచ్చింది.

అమ్మ ఎప్పుడూ చెప్పేది, నీకేం గుర్తుండదులే అని. మూడేళ్ళు కూడా నిండలేదు కదా అప్పటికి. కానీ పొద్దున తల దువ్వుకుంటుంటే వచ్చింది, సినిమా తెర మీద వచ్చినంత స్పష్టంగా. నోట్లో, ముక్కులో నీళ్ళు. చుట్టూ నలుపు. పైన అమ్మ చెయ్యి. అయిదు వేళ్ళూ చాపి ఉంది. మెరుపు మెరిస్తే అరచెయ్యి నిగనిగలాడుతోంది, నూనె అంటినట్టు. నేను ఆ చెయ్యి వంక కింద నుంచి చూస్తున్నాను. చెయ్యి చిన్నదైపోతోంది.

అయినా సంతోషంగా ఉంది. ఇంకెవరికీ ఉండని జ్ఞాపకం కదా ఇది. అమ్మ పక్కన ఆ నీళ్ళలో ఉన్నది నేనే. క్యాంపులో దొరికిన ఎవరి పిల్లనో కాదు. అత్తకి చెప్తాను.

నవంబరు 3

ఆ చెయ్యి సంగతి అత్తకి చెప్పకపోవడమే మంచిది.

నవంబరు 8, ఆదివారం

గుడివాడ వెళ్ళి వచ్చాను.

అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి జడ విప్పించింది. తన చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేళ్ళు నా జుట్టులో పెట్టింది. నడుం దాకా ఎక్కడా ఆగలేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. ఆమె ముఖం చూస్తుండగానే మారిపోయింది. "మా అమ్మ జుట్టే. ఇది మా అమ్మ జుట్టే" అని నన్ను గుండెకి అదుముకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎన్నాళ్ళ నుంచి కాచుక్కూర్చున్నానో ఆ ఏడుపు కోసం.

తర్వాత నా మాడు మీద ముక్కు పెట్టి, "ఈ ఆముదం వాసన కూడా పోలేదే నీకు. ఎత్తుకుంటే చాలు, నా రవిక నిండా జిడ్డు చేసేదానివి. మీ అమ్మ నిన్ను ఆముదంలో ముంచి తీసేది" అని నవ్వింది.

అమ్మ నాకు నూనె రాసేదా?

ఇరవై రెండో తారీఖు ఆదివారం బావని వెంటబెట్టుకుని మా ఇంటికి తాంబూలాలతో వస్తుందట. కూతుర్ని ఇమ్మని మా వదినని అడుగుతా, ఎట్టా కాదంటుందో చూస్తా అంది.

బావ బస్టాండు దాకా మోటారు సైకిలు మీద దింపాడు. బస్సెక్కబోతుంటే, "నువ్వు నీలాగ లేవు మల్లీ. నాకు ఆ పొదే బాగుండేది" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంత తపస్సు ఎవరి కోసం చేశాననుకుంటున్నాడు ఈ మహానుభావుడు? ఆ ముక్క దసరా రోజు విస్తరి ముందు అనాల్సింది.

నవంబరు 12

నేను పాపిడి నడిమికి తీస్తాను. మధ్యాహ్నానికి ఎడమ పక్కకి వస్తోంది. మళ్ళీ నడిమికి తీస్తే, మళ్ళీ ఎడమకే. ఎడమ వైపు నెత్తి మీద చిన్న సుడి ఉంది. ఇదివరకు లేదు. ఇదివరకు ఆ పొదలో ఏముందో ఎవరు చూశారు గనక, ఉండే ఉంటుంది.

నవంబరు 15

వాయుగుండం అని రేడియోలో చెప్తున్నారు. ఇటు రాదట. గాలి మాత్రం ఉంది. లలిత ఊరికి వెళ్ళిపోయింది. వెళ్తూ, "ఆ కట్టు తీసేసెయ్యవే, ఇంక చాలు. నువ్వు నిద్రలో ఎవరితోనో పాలన్నం కావాలని మారాం చేస్తున్నావు" అంది. నాకు పాలన్నం అంటే అసహ్యం.

కట్టు తీసేసి చాలా రోజులైంది. ఊరికే ఉన్నా సాపుగానే ఉంటోంది.

నవంబరు 18, బుధవారం, ఇంటి దగ్గర

రేపు ఉప్పెన రోజు. ప్రతి ఏడూ ఎక్కడున్నా ఈ రోజుకి ఇంటికి రావాల్సిందే.

బందరులో బస్సెక్కితే పక్క సీటు ఖాళీ. మోపిదేవి దగ్గర జనం ఎక్కేశారు. ఒకావిడ గంప పెట్టుకుని నా పక్కనే నిలబడింది. కూర్చోండి అన్నాను. "పర్లేదులే అమ్మా, పాప నిద్రపోతోంది, లేస్తుంది" అంది నా పక్కకి చూసి, గొంతు తగ్గించి. అవనిగడ్డలో ఆవిడ దిగిపోయింది. ఇంకెవరో వచ్చి కూర్చోబోయి, చేత్తో తడిమి, "సీటు తడిసిందేంటండీ" అని వెనక్కి పోయారు. కోడూరు దాకా నేను కిటికీలోంచే చూస్తూ వచ్చాను. పక్కకి తల తిప్పలేదు.

తలకి తువ్వాలు చుట్టుకుని ఇంట్లోకి వచ్చాను. జలుబు చేసిందన్నాను. అమ్మ నమ్మినట్టే ఉంది. ఎండు చేపలు లోపలికి ఎత్తుకుంటూ రెండుసార్లు ఆగి గాలి వాసన చూసింది.

నవంబరు 19, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉంది. మూడు విస్తళ్ళకి వంట. ప్రతి ఏడూ మూడే. నాన్నకి, మామ్మకి చేపల పులుసూ అన్నం. మూడోది పాలన్నం, బెల్లం ముక్క. మూడోది ఎవరికని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. తాతకి అంది. తాత ఉప్పెన ముందే పోయాడని తర్వాతెప్పుడో తెలిసింది. మళ్ళీ అడగలేదు.

ఎట్లాగూ ఆదివారం అత్త వస్తుంది, తెలియక తప్పదని తువ్వాలు తీసేశాను. జుట్టు నడుం దాకా జారింది. "అమ్మా, చూడు. ఉప్పు వదిలిపోయింది" అన్నాను.

అమ్మ చూసింది. చేతిలో గరిటె కింద పడింది. అరవలేదు. నా వంక ఒక్క అడుగు వేసి ఆగి, ఇంతవరకూ నేనెన్నడూ వినని గొంతుతో, చంటిపిల్లలతో మాట్లాడే గొంతుతో, "వచ్చావా తల్లీ" అంది. "ఆకలేస్తందా? అమ్మ మీద కోపం వచ్చిందా?"

"అమ్మా, నేను" అన్నాను.

"తెలుసు. మల్లివి" అంది. తన రెండు అరచేతులూ నాకు చాపి చూపించింది. "నేను వదల్లేదమ్మా. జారిపోయింది."

అక్కడే నేల మీద కూలబడి చెప్పింది. మధ్యలో ఒక్కోసారి నాతో చెప్పింది, ఒక్కోసారి నా పక్కన ఎవరో ఉన్నట్టు ఆ పక్కకి చెప్పింది.

"ఆ రోజు శనివారం. పొద్దున్నే దానికి తలంటు పోద్దామని నిండా ఆముదం పెట్టాను. గాలీ వానా పట్టుకున్నాయి. ఇంక తలంటేంటి, ఇల్లు నిలబడితే చాలనుకున్నాం. నూనె నూనెగానే ఉండిపోయింది తల మీద. సాయంత్రానికి మీ నాన్న మమ్మల్ని తాడిచెట్టు దగ్గరికి లాక్కెళ్ళాడు. నీళ్ళొచ్చాయి. అవి నీళ్ళు కావే, గోడ. ఒక చెయ్యి చెట్టుకి చుట్టాను. ఒక చేత్తో దాన్ని చంకలో పెట్టుకున్నాను. చంకలోంచి పోయింది. చెయ్యి పట్టుకున్నాను, పోయింది. జుట్టు దొరికింది. గుప్పెడు జుట్టు దొరికింది, ఎంత గట్టిగా పట్టుకున్నాను. జారిపోయింది. నా చేతికి ఆముదం మిగిలింది."

నేను గోడకి ఆనుకున్నాను. కింద నుంచి చూసిన ఆ చెయ్యి నాకు గుర్తుంది. చెయ్యి చిన్నదైపోతూ ఉండటం గుర్తుంది. ఒడ్డుకి చేరినవాళ్ళకి ఆ జ్ఞాపకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"మరి నేను?" అన్నాను.

"నిన్ను నేను పట్టుకోలేదు" అంది అమ్మ. "అది పోయిన తర్వాత నీళ్ళలో చెయ్యి ఊరికే అట్టా పెట్టి ఉంచాను. ఏదో వచ్చి తగిలింది. కంప అనుకున్నాను. వేళ్ళకి చుట్టుకుంది. విదిలించినా పోలేదు. తెల్లారి చూస్తే నువ్వు. నీ జుట్టులో నా వేళ్ళు ఇరుక్కుని రాలేదు. క్యాంపులో కత్తెరేసి తీశారు. మీ పిల్లేనా అన్నారు. అవునన్నాను. పేరు మల్లి అన్నాను. మరి జుట్టేంటి ఇట్టా ఉందని ఎవరో అడిగితే, ఉప్పునీళ్ళకి ముడుచుకుందని చెప్పాను. అందరూ అవునవును అన్నారు. అప్పుడు ఎవరికి కాదనే ఓపికుంది?"

పొయ్యి మీద అన్నం మాడుతోంది. ఇద్దరం లేవలేదు.

"నాకు పేరు లేదా అమ్మా?"

చెప్పింది. "ఇందిర అన్నావు. నీ పేరేంటే అంటే ఇందిర, ఇందిర అని. మల్లీ అని పిలిస్తే పలికేదానివి కాదు. పలికేదాకా అన్నం పెట్టలేదు. ఒకపూట కాదు. చంటిదానివి. ఆకలికి తట్టుకోలేక ఒకరోజు పలికావు. ఆ తర్వాత మళ్ళీ ఇందిర అనలేదు."

నా మీద నాకు జాలి వేసింది. అమ్మ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ అరచేతులు ఇంకా అట్లాగే చాపి ఉన్నాయి.

తర్వాత అమ్మ కళ్ళు తుడుచుకుని, ఎప్పటి గొంతుతో, బేరం చేసే గొంతుతో అంది. "మీ అత్త ఒప్పుకుందిగా. ఈ జుట్టుతో ఇట్టాగే ఉండిపో. నేను నోరు విప్పను. దానికీ ఇదే ఇష్టమేమో, లేకపోతే తన జుట్టు నీకెందుకిస్తుంది? శీను మంచోడు. నీకో వంశం ఉంటుంది."

నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. కరకట్ట దాకా నడిచేటంతసేపూ ఆశపడుతూనే ఉన్నాను. మల్లిగా ఉంటే అత్త ఉంది, బావ ఉన్నాడు, నాన్నకి ఒక పేరుంది. ఇందిరకి ఎవరున్నారు? ఆ ఇందిర ఊరు కూడా ఎవరికీ తెలియదు.

కట్ట మీద విస్తళ్ళు పెట్టాం. కొండయ్యా, రావయ్యా, తిను అని అమ్మ పిలిచింది. కాకి వాలింది. మామ్మని, అత్తా, రా అని పిలిచింది. వాలింది. మూడో విస్తరి ముందు నోరు మూసుకుని నిలబడింది, ప్రతి ఏడూ నిలబడినట్టే. ప్రతి ఏడూ ఆ విస్తరిని కాకి ముట్టదు. చివరికి అమ్మే ఎత్తి నీళ్ళలో వేస్తుంది. ఇన్నేళ్ళూ నాకు అర్థం కాలేదు. పేరు పెట్టి పిలవందే ఎవరొస్తారు? ఆ పేరేమో నా దగ్గర ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఆ పిల్లని భోజనానికి పిలిచిన వాళ్ళు లేరు. పిలుపు వినపడినప్పుడల్లా నేనే పలుకుతున్నాను.

నాకు అన్నం పెట్టకుండా పేరు మాన్పించారు. దానికి పేరు లేకుండా అన్నం మాన్పించాం.

నేనే పిలిచాను. "మల్లీ. రా అమ్మా. పాలన్నం తిను."

గాలి ఆగింది. కాకి రాలేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి కట్ట దిగి, కొంతసేపు ఆగి మళ్ళీ ఎక్కాం. విస్తరి ఖాళీగా ఉంది. ఒక్క మెతుకు లేదు. పాలు అంటిన చోట సన్నటి వేళ్ళతో తుడుచుకున్న గీతలు ఉన్నాయి. విస్తరి అంచున ఆముదం మరక.

నవంబరు 20

అమ్మ కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి తల రుద్దింది. బూడిద వెయ్యలేదు, ఏడవలేదు. నురగతో పాటు జిడ్డంతా కారిపోయింది. ఎండలో కూర్చుంటే ఒక్కొక్క పాయే ముడుచుకుంటూ పైకి వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని చూసింది. వేళ్ళు పెట్టింది. ఇరుక్కున్నాయి. తియ్యడానికి తొందరపడలేదు.

నవంబరు 22, ఆదివారం

అత్తా బావా వచ్చారు. నేనే గుమ్మంలో ఎదురెళ్ళాను, పొద విరబోసుకుని.

అత్త పళ్ళెం పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. "ఇదేంటే" అంది.

"నేను మల్లిని కాదత్తా. మల్లి ఆ రోజే పోయింది. నువ్వు ముట్టుకున్నది దాని జుట్టే. నీకు అబద్ధం చెప్పలేదు, నాకూ తెలియదు" అన్నాను. అంతా చెప్పాను. అమ్మ ఒక్క మాట కూడా కాదనలేదు.

అత్త మంచినీళ్ళు ముట్టలేదు. చాలాసేపు ఏడ్చింది, నా కోసం కాదు. వెళ్ళేటప్పుడు అమ్మతో, "ఇరవయ్యేళ్ళు నా మేనకోడలి కోసం నన్ను ఏడవనివ్వలేదు వదినా" అంది.

బావ మోటారు సైకిలు దాకా వెళ్ళి, తువ్వాలు మర్చిపోయానని వెనక్కి వచ్చాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. "అమ్మకి కొంచెం టైమివ్వు" అన్నాడు. ఆగి, "నిన్నేమని పిలవాలి ఇప్పుడు?" అని అడిగాడు. ఇంకా నాకే తెలియదు అన్నాను. సరే తెలిశాక చెప్పు అని వెళ్ళాడు. మొత్తానికి నోరుంది ఈ మనిషికి.

నవంబరు 23

రేపు బందరు వెళ్ళాలి. ఇది రాసి పడుకుంటాను.

మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని చిక్కు తీసుకుంటున్నాను, కింద నుంచి పైకి. వంటింట్లోంచి అమ్మ, "మల్లీ, అన్నానికి రా" అని పిలిచింది. ఇన్నేళ్ళ అలవాటు, పాపం, ఒక్క రోజులో ఎక్కడికి పోతుంది. నాలిక చివరిదాకా వచ్చిన జవాబుని మింగేసి ఊరుకున్నాను.

పెరట్లో నీళ్ళ తొట్టి పక్క నుంచి "ఆఁ" అని వినిపించింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి నా నోటి వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరం పెరటి వంక చూడలేదు. అమ్మ లోపలికి వెళ్ళి, ఎన్నడూ వాడని చిన్న సత్తు పళ్ళెం కడిగి, పాలన్నం కలిపి, బెల్లం ముక్క పెట్టి, తన పీట పక్కన ఉంచింది. రెండో పక్కన ఇంకో కంచం పెట్టింది.

తర్వాత గొంతు సవరించుకుని, కొత్త మనిషిని పిలిచినట్టు మెల్లిగా పిలిచింది. "ఇందిరా, నువ్వూ రా."

"వస్తున్నా" అన్నాను. పలకాలా వద్దా అని నేను ఆలోచించుకోకముందే నా నోరు పలికేసింది.